పశువుల డాక్టరు రాసిందే వాంగ్మూలం

"మిద్దె మీద నుంచి పడింది సార్."

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పశువుల డాక్టర్లకు ఇది కొత్త మాటేమీ కాదు. కాలు విరిగిన కుక్కపిల్లను దుప్పట్లో చుట్టి తెచ్చినవాళ్లు తరచుగా చెప్పేది ఇదే. చాలాసార్లు నిజం కూడా. ఎత్తు నుంచి పడిన కుక్కకు ముందుకాళ్లు, గడ్డం, పళ్లు, ఛాతీ దెబ్బతింటాయి. బండి కింద పడితే గోళ్లు అరిగి చీలికలవుతాయి, చర్మం రోడ్డుకు రాసుకుపోయి ఉంటుంది, వెంట్రుకలకు గ్రీజు, మట్టి అంటుకుని ఉంటాయి. ప్రమాదమైతే దాని ఆనవాళ్లు ఒంటి మీద ఉండి తీరాలి.

మరి ఆ ఆనవాళ్లేవీ లేకపోతే? ఎక్స్‌రే తీస్తే ఇవాళ విరిగిన కాలితో పాటు, ఎప్పుడో విరిగి అతుక్కున్న పక్కటెముకలు కూడా కనిపిస్తే? పాత చీటీ తిరగేస్తే రెండు నెలల కిందట ఇదే కుక్కపిల్లను ‘స్కూటర్ తగిలింది’ అంటూ తెచ్చినట్టు తేలితే? భర్త ఒక మాట, భార్య ఒక మాట, వెంట వచ్చిన పిల్లాడు ఇంకో మాట చెబుతుంటే? కట్టు కట్టి, సూది వేసి పంపిస్తే సరిపోని పరిస్థితి అది. ఆ కుక్క తనకు ఏం జరిగిందో ఏ స్టేషన్లోనూ చెప్పుకోలేదు. దాని తరఫున చెప్పగలిగింది ఆ బల్ల పక్కన నిలబడ్డ డాక్టరు ఒక్కరే.

పశువైద్యం ఈ నేలకు కొత్త కాదు. తిరుపతి పశువైద్య కళాశాల 1955లో మొదలైంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతి కేంద్రంగానే ఏర్పడింది. పాడి ఆవులు, గొర్రెల మందలు, దుక్కిటెద్దులే లోకంగా ఉన్న జిల్లాలో ఏడు దశాబ్దాలుగా డాక్టర్లు తయారవుతున్నారు. ఇప్పుడు వాళ్ల దగ్గరికి వచ్చే జీవాలు మారాయి. లాబ్రడార్లు, పగ్‌లు, పర్షియన్ పిల్లులతో పాటు, మంచుదేశాల హస్కీలను కూడా రాయలసీమ ఎండల్లో పెంచుతున్నారు. చిత్తూరు సీమ సొత్తయిన పుంగనూరు ఆవు సైతం పెంపుడు జంతువైపోయింది. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే ఈ జాతిని కాపాడేందుకు పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఏళ్లుగా పనిచేస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలోని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న దృశ్యాలు దేశమంతా చూశాక వాటి మీద మోజు మరింత పెరిగింది. ముచ్చటపడి కొనుక్కున్న ప్రాణిని చివరిదాకా సరిగ్గా చూసుకుంటున్నామా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ముందుగా తెలిసేది డాక్టరుకే.

హింసను గాయంలో గుర్తుపట్టే శాస్త్రానికి తొలి అడుగు పిల్లల ఆసుపత్రిలో పడింది. 1962లో అమెరికాలో హెన్రీ కెంప్ అనే పిల్లల డాక్టరు, తన సహచరులతో కలిసి, దెబ్బలు తిన్న పసిపిల్లల శరీరాల మీద కనిపించే లక్షణాలను ఒకచోట చేర్చి వైద్యలోకం ముందు పెట్టారు. అప్పటిదాకా తల్లిదండ్రులు చెప్పింది రాసుకుని కట్లు కట్టిన డాక్టర్లు, ఎక్స్‌రేలను కొత్త కళ్లతో చూడటం మొదలుపెట్టారు. అదే పద్ధతి జంతువుల దాకా రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ మన్రో, మైఖేల్ త్రస్‌ఫీల్డ్ బ్రిటన్‌లోని వెయ్యి మంది పశువైద్యులకు ప్రశ్నావళి పంపారు. వందల కేసులు బయటికొచ్చాయి. 2001లో వాళ్లు ప్రచురించిన వ్యాసాలు, ప్రమాదవశాత్తు కాని గాయాలను ఎలా పోల్చుకోవాలో పశువైద్యులకు మొదటిసారి వివరంగా చెప్పాయి.

వాటి సారాంశం చెప్పుకోవడానికి తేలికే. గాయానికీ యజమాని చెప్పే కథకూ పొంతన ఉండదు. అడిగిన ప్రతిసారీ కథ మారుతుంది. దెబ్బ తగిలి రోజులు గడిచాక గానీ ఆసుపత్రికి తీసుకురారు. ఒకే జంతువుకు పదేపదే గాయాలవుతాయి, లేదా ఆ ఇంట్లో అంతకుముందు పెంచిన జంతువులు కూడా అర్ధాంతరంగా పోయి ఉంటాయి. కొత్తవీ, సగం మానినవీ, పూర్తిగా అతుక్కున్నవీ కలిసి విరిగిన ఎముకలు వేర్వేరు దశల్లో కనిపిస్తాయి. ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు. రెండు మూడు కలిస్తే మాత్రం డాక్టరు ఆగి ఆలోచించాలి.

ఆగి ఆలోచించడమంటే యజమానిని అనుమానించడం ఒక్కటే కాదు, అతని పక్షాన ఆలోచించడం కూడా. మన ప్రాంతంలో కుక్కలకు పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా ఎక్కువ. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలో చేరితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముక్కులోంచి నెత్తురు కారుతుంది, పొట్ట మీద ఎర్రటి, ఊదారంగు మచ్చలు వస్తాయి. చూసినవాళ్లకు కర్రతో కొట్టినట్టో, ఎవరో మందు పెట్టినట్టో అనిపిస్తుంది. ఒక్క రక్తపరీక్షతో అసలు సంగతి తెలిసిపోతుంది. అలాగే, ప్రేమగా ఉత్త అన్నమో, ఉత్త మాంసమో పెట్టి పెంచిన కుక్కపిల్లలకు కాల్షియం చాలక ఎముకలు కాగితంలా పలచబడతాయి. సోఫా మీద నుంచి దూకినా కాలు విరుగుతుంది. ఎక్స్‌రేలో విరిగిన చోటుతో పాటు అన్ని ఎముకల మందాన్నీ చూసిన డాక్టరు ఆ ఇంటివాళ్లను నింద నుంచి తప్పిస్తాడు. జంతువును కాపాడే పరీక్షే ఏ పాపం తెలియని మనిషినీ కాపాడుతుంది.

ఇక కొట్టకుండా పెట్టే హింస ఒకటుంది. అదే ఎక్కువ. కుక్కపిల్లగా ఉన్నప్పుడు మెడకు కట్టిన తాడు అది పెరిగాక కూడా విప్పరు. తాడు చర్మాన్ని కోసుకుని లోపలికి దిగిపోతుంది, పుండు పడుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. వాసన వస్తే గానీ ఇంట్లోవాళ్లు గమనించరు. డాక్టరు మత్తిచ్చి, వెంట్రుకలు తీసి, మాంసంలో కూరుకుపోయిన తాడును ఒక్కో పోగు కత్తిరించి బయటికి లాగాలి. ఆ తాడును చెత్తబుట్టలో వేస్తే అది చెత్తే. ఫొటో తీసి, కవరులో పెట్టి, తేదీ రాసి సీలు వేస్తే సాక్ష్యం. పుండు లోతు, చుట్టూ పెరిగిన కొత్త కండను బట్టి తాడు దిగి రోజులైందా, వారాలైందా అన్నది డాక్టరు చెప్పగలడు.

ఇక్కడ కూడా ఒక తేడా పట్టుకోవాలి. చేతిలో డబ్బుల్లేక ఆలస్యంగా వచ్చిన కూలి మనిషి వేరు, అన్నీ ఉండి పట్టించుకోని మనిషి వేరు. మొదటివాడికి కావాల్సింది మందు, ఒక మంచి మాట, 1962 నంబరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తే మొదటివాడు మళ్లీ ఆసుపత్రి గడప తొక్కడు. నష్టపోయేది అతని జీవమే.

ఇంటి గోడలు దాటి పొలాల్లోకి వెళితే ఇంకో రకం క్రూరత్వం కనిపిస్తుంది. 2020 జూన్ నెలాఖరులో చిత్తూరు జిల్లా పెద్దపంజాణి మండలంలో అడవి పందుల కోసం పెట్టిన నాటుబాంబును ఒక ఆవు కొరికింది. నోట్లోనే పేలి దాని దవడలు ఛిద్రమయ్యాయి. అంతకు నెల ముందే, మే 27న, కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో గర్భంతో ఉన్న ఏనుగు ఇలాంటి పేలుడు గాయంతోనే నదిలో నిలబడి చనిపోయింది. దేశమంతా కన్నీరు పెట్టిన ఆ ఘటనలో తలా ఒక కథ ప్రచారమైంది. నిజం పోస్ట్‌మార్టం చేసిన పశువైద్యుల నివేదికలో ఉంది. ఏనుగు అప్పటికప్పుడు పేలుడుతో పోలేదు. నోటి గాయం కుళ్లి, దాదాపు రెండు వారాలు తిండీ నీళ్లూ మింగలేక నీరసించి, నీళ్లలో కూలబడి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి చనిపోయింది. కడుపులో పిల్ల ఉందన్న సంగతి కూడా ఆ పరీక్షలోనే బయటపడింది. గాయం ఎప్పటిదో తేలితేనే బాంబు ఎక్కడ, ఎవరు పెట్టి ఉంటారన్న వెతుకులాటకు దారి దొరుకుతుంది.

విషం పెట్టిన కేసుల్లో డాక్టరు పని మరీ సున్నితం. 2021 జులైలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో సుమారు 300 వీధికుక్కలను విషపు ఇంజెక్షన్లతో చంపి పూడ్చేశారని జంతు సంరక్షకులు ఫిర్యాదు చేశారు, పోలీసులు కేసు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. ఆ మరుసటి నెలలో నిందితులు పట్టుబడ్డారు. తూటా గాయం కంటికి కనిపిస్తుంది. విషం కనిపించదు. నోట్లో నురగ, సూదిమొనలా చిన్నబోయిన కంటిపాపలు, ఒళ్లంతా వణుకు ఉంటే డాక్టరు మనసు పొలానికి కొట్టే పురుగుమందు మీదికి పోతుంది. పొట్ట కోసినప్పుడు వెల్లుల్లి లాంటి వాసన వస్తే ఎలుకల మందు అనుకుంటాడు. అయితే కోర్టుకు అనుకోవడం చాలదు, ప్రయోగశాల మాట కావాలి.

ఆ మాట సరిగ్గా రావాలంటే నమూనా సరిగ్గా వెళ్లాలి. పొట్టలోని పదార్థం, కాలేయం, మూత్రపిండం వేటికవి వేరే సీసాల్లో పెట్టాలి. విష పరీక్షకు పంపేవాటిని ఫార్మలిన్‌లో వేయకూడదు, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లలో ఉంచాలి. కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలంటే మాత్రం ఫార్మలినే కావాలి. ఈ రెండూ తారుమారైతే కేసు అక్కడే పోతుంది. ప్రతి సీసా మీద చీటీ, సీలు ఉండాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ తేదీన వెళ్లిందో రాసి ఉండాలి. పశువైద్య విద్యార్థులు దీన్నంతా ‘వెటరో లీగల్’ పేరుతో చదువుకుంటారు. పాఠంగా చదివినది, మండల పశువైద్యశాలలో ఒక్క అటెండరుతో, బయట పాతిక మంది రైతులు ఎదురుచూస్తుండగా చేయాల్సి రావడమే అసలు కష్టం.

చట్టం సంగతికొస్తే, రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. రెండేళ్లకు జంతు సంక్షేమ మండలి ఏర్పడితే దానికి ఆమే తొలి అధ్యక్షురాలు. అప్పటి లెక్కలో రాసిన జరిమానా మొదటి తప్పుకు 10 రూపాయల నుంచి 50 రూపాయలు. 2022 నవంబరులో శిక్షలు పెంచుతూ కేంద్రం ఒక సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. 1960 చట్టంలోనే చాలామందికి తెలియని ఇంకో మెలిక ఉంది. 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు కోర్టుకు వెళ్లాలి. డాక్టరు సర్టిఫికెట్ ఆలస్యమైతే గడువు దాటిపోతుంది.

దీనికన్నా గట్టిది భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కొట్టడానికీ కుంటిని చేయడానికీ మధ్య గీత ఎక్కడుందో తేల్చాల్సింది ఎస్సై కాదు, పశువైద్యుడు. ‘కాలికి దెబ్బ’ అని రాస్తే పాత చట్టం కింద 50 రూపాయలతో పోవచ్చు. ‘కుడి వెనుక తొడ ఎముక మధ్యలో విరిగింది, మొద్దుబారిన వస్తువుతో బలంగా కొట్టడం వల్ల కావచ్చు, కాలు ఇక పూర్తిగా పనిచేయదు’ అని రాస్తే అదే దెబ్బకు ఐదేళ్ల సెక్షన్ వర్తిస్తుంది. జంతువును శరణాలయంలో ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించాక, అది కోలుకుందని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది కూడా పశువైద్యాధికారే. కొత్త సంహితలో ఒక లోటు కూడా ఉంది. జంతువులపై లైంగిక దాడికి ఇదివరకు వర్తించిన భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 377వ సెక్షన్‌కు సాటి వచ్చేది అందులో లేదు. కాబట్టి అలాంటి ఘోరాల్లో ఒంటి మీది గాయాల గురించి డాక్టరు ఎంత వివరంగా రాస్తే కేసుకు అంత బలం.

డాక్టర్లు రాసింది ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి ఉదాహరణలు మన చుట్టూనే ఉన్నాయి. సంక్రాంతికి చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పశువుల పండుగ జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదిలితే, కుర్రకారు వాటిని చేజిక్కించుకోవడానికి ఎగబడతారు. పొరుగునున్న తమిళనాడులో ఇలాంటిదే అయిన జల్లికట్టు మీద 2014 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జంతు సంక్షేమ మండలి తరఫున పశువైద్య నిపుణులు రాసిన నివేదికలు కీలకమయ్యాయి. తోక మెలితిప్పడం, తోక ఎముకలు విరగడం, చెవులు కోయడం, భయంతో ఎద్దు ప్రవర్తన మారడం, వీటన్నిటినీ న్యాయమూర్తులు ఆ నివేదికల్లోంచే తీసుకున్నారు. ఆ తర్వాత తమిళనాడు చట్టం మార్చుకుంది, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ మార్పును సమర్థించింది. ఎద్దును హింసించవద్దన్న నియమం మాత్రం అలాగే నిలిచింది.

పుట్టపర్తిలోని కరుణ సొసైటీది మరో కథ. రోడ్ల మీద తిరిగే ఆవుల పొట్టలు శస్త్రచికిత్సతో తెరిస్తే కిలోల కొద్దీ ప్లాస్టిక్ సంచులు, మేకులు, తాళ్లు గడ్డకట్టి బయటపడ్డాయి. ఆ ఆపరేషన్ల ఆధారాలతో 2012లో ఆ సంస్థ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. కర్ర పట్టుకున్న చెయ్యి ఒకటి లేకుండానే ఊరంతా కలిసి చేసే హింసను ఆ శస్త్రచికిత్సలు బయటపెట్టాయి. తిరుపతి ఎస్వీ జూలో సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలు, పులులు ఏళ్ల తరబడి ఆశ్రయం పొందాయి. సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతులతో ఆటలాడించరాదని 1998లో కేంద్రం చెప్పింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. బోనుల్లో జీవితం గడిపిన ఆ మృగాలకు చివరి రోజుల్లో ఆసరా అయింది కూడా పశువైద్యులే.

ఇంత ప్రాధాన్యం ఉన్నా చాలామంది డాక్టర్లు ఫిర్యాదు దాకా వెళ్లడం లేదు. కారణాలు ఊహించడం కష్టం కాదు. చిన్న ఊరు, అందరూ తెలిసినవాళ్లే. ఫిర్యాదు చేస్తే ఆ యజమాని మళ్లీ రాడు, తనతో పాటు పదిమందిని రానివ్వడు. కోర్టు సమన్లు వచ్చేసరికి డాక్టరు బదిలీ మీద ఇంకో జిల్లాలో ఉంటాడు. పైగా అనుమానం వస్తే చెప్పి తీరాలని మన దేశంలో పశువైద్యుడికి చట్టపరమైన నిబంధన లేదు. చెప్పినవాడికి ప్రత్యేక రక్షణా లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేసిన డాక్టరుపై దావా వేయకుండా రక్షణ ఇచ్చాయి. కొన్ని రాష్ట్రాల్లో చెప్పడం తప్పనిసరి. బ్రిటన్‌లో హింస అనుమానం ఉన్నప్పుడు యజమాని గోప్యతను పక్కనపెట్టవచ్చని వృత్తి నియమావళే అనుమతిస్తుంది. ఫిర్యాదు చేసినవారికి రక్షణ, గోప్యత నుంచి సడలింపు, ఈ రెండూ మన నియమాల్లోకి వస్తే, చెప్పాలని ఉన్నా వెనకాడే డాక్టర్లకు ధైర్యం వస్తుంది.

కుక్క మీద దెబ్బ కుక్కతోనే ఆగకపోవచ్చన్నది ఇంకో కారణం. 1998లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, భర్తల హింస తాళలేక ఆశ్రయ గృహానికి చేరిన స్త్రీలను ఫ్రాంక్ ఆసియోన్ అనే పరిశోధకుడు ప్రశ్నించారు. పెంపుడు జంతువులున్నవారిలో నూటికి 71 మంది, భర్త లేదా భాగస్వామి ఆ జంతువును హింసించాడనో, హింసిస్తానని బెదిరించాడనో చెప్పారు. అది చిన్న అధ్యయనమే, కానీ ఆ తర్వాత వచ్చిన పరిశోధనలకు దారి చూపింది. 2016 నుంచి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ జంతు హింసను విడి నేరంగా లెక్కిస్తోంది. పక్కటెముకలు విరిగిన కుక్కపిల్లను తెచ్చిన ఇల్లాలి చేతి మీద కమిలిన మచ్చ కనిపిస్తే, "ఇంట్లో అంతా బాగుందా అమ్మా?" అని డాక్టరు అడగడం అతిచొరవ కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు రాసిన చీటీ ఆసుపత్రి గోడకు అంటిస్తే పోయేదేమీ లేదు.

పాఠకులు చేయగలిగిన పని కూడా ఉంది. వీధిలో ఏదైనా జంతువు అనుమానాస్పదంగా చనిపోతే తొందరపడి పూడ్చేయకూడదు, కాల్చేయకూడదు. పక్కన పడి ఉన్న తిండి ముక్కను, పొట్లాన్ని చేత్తో ముట్టుకోకుండా ఫొటో తీయాలి. శవాన్ని ఐసు మీద, నీడలో ఉంచి పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పోస్ట్‌మార్టం కోరాలి. పోస్ట్‌మార్టం చేయాలని కోరే పోలీసు లేఖ (రిక్విజిషన్) చేతికొస్తే పశువైద్యాధికారి పని సాఫీగా సాగుతుంది. బతికున్న జంతువైతే ముందు చికిత్స చేయించి, ఆ చీటీలో గాయాల వివరం, తేదీ, డాక్టరు సంతకం ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. డాక్టర్ల వైపు నుంచి కావాల్సినవి కూడా ఖరీదైనవేమీ కావు. ముందు మొత్తం జంతువుది, తర్వాత పక్కన స్కేలు పెట్టి గాయానిది ఫొటో తీయాలి. వెంట్రుకలు తీసి చర్మం చూడాలి. యజమాని చెప్పిన మాటను అతని మాటల్లోనే రాసుకోవాలి. తిరుపతి కళాశాల నుంచి ఏటా బయటికొచ్చే కొత్త డాక్టర్లకు ఈ పని పుస్తకంలోనే మిగిలిపోకుండా, తొలి కేసు నుంచే అలవాటు కావాలి. ప్రతి పశువైద్యశాలలో గాయాల సర్టిఫికెట్‌కు ఒకే నమూనా ఫారం, విష నమూనాలకు రెండు రకాల సీసాలు సిద్ధంగా ఉంచడం పశుసంవర్ధక శాఖకు ఒక్క ఆదేశంతో అయ్యే పని.